సిస్టర్లు ఆసుపత్రిని వదిలేది జీతం కోసమేనా? అపోహలు - వాస్తవాలు

నర్సింగ్‌లో నాకు 22 ఏళ్లు. అందులో పదేళ్లుగా వార్డు ఇన్‌చార్జిని. ఎవరైనా రాజీనామా ఇచ్చినప్పుడల్లా మీటింగుల్లో వినపడే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: జీతం పెంచితే ఎవరూ వెళ్లరు.

వాస్తవం: జీతం ముఖ్యమే. చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లో మావాళ్లకు ఇచ్చేది మరీ తక్కువ. కానీ వెళ్లిపోయే ముందు డ్యూటీ రూములో వాళ్లు నాతో చెప్పుకున్నవి వేరు. "ఆఫ్ అడిగితే మాట పడాలి." "పేషెంటు వాళ్లందరి ముందూ తిట్టారు." అమెరికాలో నర్సుల కొరత బాగా ఉన్న రోజుల్లో 41 ఆసుపత్రుల్లో మాత్రం నర్సులు నిలబడ్డారు. ఎందుకో అక్కడి నర్సింగ్ అకాడమీ ఆరా తీసి 1983లో ప్రచురించింది. అక్కడ పైవాళ్లు వార్డుల్లో కనపడతారు, చెప్పింది వింటారు. నర్సులను అయస్కాంతంలా పట్టి ఉంచే మ్యాగ్నెట్ ఆసుపత్రులన్న పేరు అలా వచ్చిందే.

అపోహ: ఏళ్ల తరబడి ఉన్నారంటే ఆసుపత్రి మీద అభిమానమే.

వాస్తవం: ఇష్టపడి ఉండేవాళ్లు, వెళ్తే నష్టమని ఉండేవాళ్లు, ఉండటం ధర్మమని ఉండేవాళ్లు అని మేయర్, అలెన్ అనే పరిశోధకులు 1991లో మూడు రకాలు చెప్పారు. హాజరు పట్టీలో ముగ్గురూ ఒకటే. డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల సంగతులు అప్పజెప్పే హ్యాండోవర్‌లో తెలుస్తుంది తేడా. విసిగిపోయినామె యూరిన్ ఎంత వచ్చిందో షీటులో అంకె వేసి వెళ్తుంది. మనసు పెట్టినామె "ఆరో బెడ్ తాతగారికి రాత్రి నుంచి తగ్గుతోందక్కా, డాక్టరు గారికి చెప్పు" అని చెప్పి కదులుతుంది. బాండ్ రాయించుకుని, సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటే మనిషి ఆగుతుందేమో గానీ ఆ మాట రాదు.

అపోహ: నేను అందరితో ఒకేలా ఉంటాను.

వాస్తవం: నేనూ అలాగే అనుకునేదాన్ని. పై అధికారికి ఒక్కొక్కరితో ఒక్కో రకం సంబంధం ఉంటుందని డాన్సరో, గ్రేన్, హాగా 1975లోనే రాశారు. ఓసారి మూడు నెలల రోస్టర్లు (ఎవరికి ఏ రోజు డ్యూటీ, ఏ రోజు ఆఫ్ అని రాసే పట్టికలు) పక్కపక్కన పెట్టి చూశాను. ఆదివారం ఆఫ్‌లు ఎక్కువగా నలుగురికే పడ్డాయి. నాతో కలిసి టిఫిన్ చేసేది ఆ నలుగురే. చాలా బాధేసింది. అప్పటినుంచి రోస్టర్ వేసే ముందు ఎవరికి ఏ రోజు కావాలో అందరిచేతా నోట్‌బుక్‌లో రాయిస్తున్నాను.

అపోహ: చనువిస్తే నెత్తికెక్కుతారు.

వాస్తవం: ఒక నైట్ డ్యూటీలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకరి యాంటీబయాటిక్ పక్క బెడ్ ఆయనకు ఎక్కించింది. ఎవరూ చూడలేదు. అయినా ఐదు నిమిషాల్లో ఫోన్ చేసింది. "మేడమ్, తప్పు చేశాను" అంటుంటే గొంతు వణుకుతోంది. డ్రిప్ ఆపించి, డ్యూటీ డాక్టరును పిలిపించాం. తెల్లారేదాకా బీపీ చూస్తూనే ఉన్నాం. దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు. పొద్దున ఇన్సిడెంట్ రిపోర్టు ఇద్దరం కూర్చుని రాశాం. ఆ ఇద్దరు పేషెంట్ల పేరూ వెంకటేశ్వరరావే! అంతకుముందు ఎప్పుడైనా నేను నలుగురిలో అరిచి ఉంటే ఆ ఫోన్ వచ్చేది కాదు. ఇప్పుడు మా వార్డులో పేరుతో పాటు ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) కూడా పైకి చదివి, చేతి బ్యాండ్‌తో సరిచూశాకే మందు ఎక్కిస్తున్నాం. ఆ పద్ధతి చెప్పింది ఆ అమ్మాయే.