ఊరు చెడిందని న్యూ గేమ్ కొట్టాలా? ఫాల్‌అవుట్ 4 సెటిల్‌మెంట్ల మీద అపోహలు – వాస్తవాలు

తిరుపతి బాలాజీ కాలనీ వైపు గేమింగ్ సెంటర్ నడుపుతున్నాను. వచ్చేవాళ్ళలో యూనివర్సిటీ హాస్టల్ పిల్లలే ఎక్కువ. సెలవుల్లో అయితే పుత్తూరు, చిత్తూరు, మదనపల్లె పిల్లలు కూడా కనిపిస్తారు. ఫాల్‌అవుట్ 4 (అణుయుద్ధం తర్వాతి లోకంలో తిరుగుతూ సెటిల్‌మెంట్లనే ఊళ్ళు కట్టుకునే ఆట) ఆడేవాళ్ళు ఏదో ఒక రోజు నన్ను సిస్టమ్ దగ్గరికి పిలిచి అడిగే మాట ఒకటుంది: "అన్నా, ఊరంతా పాడైపాయ, న్యూ గేమ్ కొట్టేదా?"

వాళ్ళు గంటకింతని డబ్బు కట్టి ఆడుతున్నారు. అన్నాళ్ళు కష్టపడి కట్టిన ఊళ్ళు వదిలేసి, బాంబులు పడే మొదటి సీను మళ్ళీ చూస్తూ కూర్చుంటే నాకు బాధగా ఉంటుంది. తప్పు ఊళ్ళో ఉంటే ఊరిని సరిచేసుకోవచ్చు. సేవ్ ఫైల్లోనో కథలోనో ఉంటే అప్పుడు రీస్టార్ట్ సంగతి చూడాలి. నా దగ్గరికొచ్చే కేసుల్లో చాలావరకు మొదటి రకమే.

అపోహ: మొదట్లో కరిస్మా (జనాన్ని ఆకట్టుకునే గుణం) తక్కువ పెట్టేశాం, ఇక ఈ క్యారెక్టర్‌తో ఊళ్ళు కుదరవు.

ఎక్కువమంది రీస్టార్ట్ కొట్టేది దీనికే. నిజానికి ఈ ఆటలో లెవెల్‌కు గరిష్ఠ పరిమితి లేదు. లెవెల్ పెరిగిన ప్రతిసారీ ఒక పాయింట్ వస్తుంది. దాన్ని పెర్క్ (ప్రత్యేక నైపుణ్యం) మీదే పెట్టాలని రూలేమీ లేదు, కరిస్మా లాంటి మూల గుణాన్ని పదిదాకా పెంచుకోవడానికీ వాడుకోవచ్చు. ఊళ్ళ మధ్య సప్లై లైన్ (ఊళ్ళు సరుకు పంచుకునే ఏర్పాటు) వెయ్యడానికి లోకల్ లీడర్ పెర్క్ కావాలి, దానికి కరిస్మా 6 ఉండాలి. మీరు 1తో మొదలెట్టారే అనుకుందాం. కథ మొదలయ్యే శాంక్చురీ ఊళ్ళో మీ పాత ఇంట్లోనే ఒక పుస్తకం ఉంది, అది తీసుకుంటే ఏ గుణమైనా ఒకటి పెరుగుతుంది. ఇంకో నాలుగు లెవెల్స్‌తో కరిస్మా 6 అవుతుంది, ఐదో దానికి లోకల్ లీడర్ చేతికొస్తుంది. దుకాణాలు కట్టనిచ్చే రెండో ర్యాంకుకు మాత్రం లెవెల్ 14 దాకా ఆగాలి. కొత్త క్యారెక్టర్ చేసుకున్నా ఆ 14 లెవెల్స్ ఎక్కాల్సిందే కదా.

ఊళ్ళో ఎంతమంది ఉండొచ్చన్న లెక్క పదికి మీ కరిస్మా కలిపితే వస్తుంది. ఒంటిమీద బట్టలు, కళ్ళద్దాలు ఇచ్చే అదనపు కరిస్మా కూడా ఇందులో కలుస్తుంది. జనం చాలట్లేదంటే ముందు మంచి సూటు వేసుకుని చూడండి.

అపోహ: హ్యాపీనెస్ (ఊరి జనం సంతోషం చూపే అంకె) పడిపోయిందంటే ఊరు మొత్తం పీకి కట్టాలి.

ఏదైనా పీకే ముందు ఆ ఊరికి వెళ్ళండి. దూరంగా ఉన్నప్పుడు పిప్‌బాయ్‌లో (ఆటలో మన చేతికుండే చిన్న కంప్యూటర్) కనిపించే అంకెలు చాలాసార్లు తప్పు. మంచాలు సున్నా, నీళ్ళు సున్నా అని హెచ్చరిక గుర్తు పెట్టేస్తుంది. ఊళ్ళో అడుగుపెట్టి కాసేపు ఉంటే అసలు లెక్క బయటపడుతుంది. పిప్‌బాయ్ చూసి హడలిపోయి నన్ను పిలిచిన పిల్లలకు "ముందు ఆడికి పో నాయనా, తర్వాత మాట్లాడదాం" అని చెప్పడంతోనే సగం పని అయిపోతుంటుంది.

అక్కడికి వెళ్ళాక కూడా అంకె తక్కువగానే ఉంటే, వరసగా చూడాల్సినవి ఇవి. మనిషికి ఒక తిండి, ఒక నీళ్ళు, పైకప్పు కింద ఒక మంచం. ఒక్క రైతు ఆరు తిండి యూనిట్ల దాకా చూసుకోగలడు. మట్‌ఫ్రూట్ మొక్క ఒక్కోటి ఒక యూనిట్ ఇస్తుంది, మొక్కజొన్న, టాటో లాంటివి అర యూనిట్ చొప్పున ఇస్తాయి. కాబట్టి మట్‌ఫ్రూట్ అయితే ఆరు, మిగతావైతే పన్నెండు మొక్కలు ఒక రైతుకు సరిపోతాయి. చాలామంది మొక్కలు బోలెడు నాటేసి మనిషిని అప్పజెప్పడం మర్చిపోతారు. చేతి పంపు కరెంటు లేకుండా మూడు నీళ్ళు ఇస్తుంది. పక్కన నది గానీ చెరువు గానీ ఉంటే ఇండస్ట్రియల్ ప్యూరిఫయర్ ఒక్కటి వెయ్యండి. ఐదు యూనిట్ల కరెంటుకు నలభై నీళ్ళు తోడుతుంది.

ఇక డిఫెన్స్, అంటే ఊరి రక్షణ అంకె. అది తిండి, నీళ్ళు రెండూ కలిపిన అంకెకు తగ్గకూడదు. పెద్ద ప్యూరిఫయర్ వేసినవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు: నీళ్ళు ఒక్కసారిగా నలభై పెరుగుతాయి, టరెట్లు (వాటంతటవే కాల్చే తుపాకులు) మాత్రం పాత నాలుగే ఉంటాయి. ఒక మనిషిని మూడు గార్డు పోస్టుల దాకా పెట్టవచ్చు కాబట్టి ఉన్న జనంతోనే కొంత సర్దుకోవచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే గంట కొట్టి జనాన్ని పోగు చెయ్యండి. పనిలేని వాళ్ళు తెలిసిపోతారు. వాళ్ళకు దుకాణాలు పెట్టివ్వండి. క్లినిక్, బార్ హ్యాపీనెస్ పెంచుతాయి. ఆ అంకె ఆటలోని రోజుల లెక్కన మెల్లగా ఎక్కుతుంది, అప్పటికప్పుడు కదల్లేదని మళ్ళీ పీకొద్దు. ఒక్క విషయం గుర్తుంచుకోండి: ఆటోమాట్రాన్ అనే అదనపు భాగంతో వచ్చిన రోబోల హ్యాపీనెస్ 50 దగ్గరే నిలిచిపోతుంది. నూరు కావాలనుకునే ఊళ్ళో వాటిని ఉంచకండి.

అపోహ: చుట్టూ గోడ కడితే దాడులు రావు.

గోడకు డిఫెన్స్ అంకెలో విలువే లేదు. కొన్ని ఊళ్ళలో శత్రువులు గోడ లోపలే ప్రత్యక్షమవుతారు. గోడ అందానికి కట్టుకోండి, టరెట్లు మాత్రం నడిబొడ్డున కూడా పెట్టండి. దాడిలో దెబ్బతిన్న జనరేటర్, పంట, టరెట్ కొద్ది సామానుతో రిపేరవుతాయి. దానికి ఊరు వదిలేయడం అన్యాయం.

అపోహ: స్క్రాప్ చేస్తే (కట్టినదాన్ని విడగొడితే) పెట్టిన సరుకంతా వెనక్కొస్తుంది.

రాదు, కొంతే వస్తుంది. టరెట్లు, జనరేటర్లు, ప్యూరిఫయర్లు, దుకాణాల లాంటి ఖరీదైన వాటిని స్టోర్ చెయ్యండి. అవి చెక్కుచెదరకుండా ఆ ఊరి వర్క్‌షాప్‌లోనే ఉంటాయి. ఊరికే పడున్న చెత్త, పాత కంచెలు స్క్రాప్ చేసుకోండి. తిరిగి కట్టేటప్పుడు ఊరంతా ఒకేసారి ఖాళీ చెయ్యకుండా ఒక మూల నుంచి మొదలెట్టండి. కొత్త మంచాలు వేశాకే పాతవి తియ్యండి. జిగురు చాలట్లేదని ఆగిపోయేవాళ్ళు టాటో, మొక్కజొన్న, మట్‌ఫ్రూట్ మూడేసి, శుద్ధి చేసిన నీళ్ళు ఒకటి పెట్టి వండుకుంటే పిండి వస్తుంది, దాన్నుంచి ఐదు యూనిట్ల జిగురు దొరుకుతుంది. ఆ మూడు పంటలూ మీ ఊళ్ళోనే వేసుకోవచ్చు.

అపోహ: మోడ్ (ఆటను మార్చడానికి బయటివాళ్ళు చేసిన చేర్పు) తీసేస్తే సేవ్ మళ్ళీ మామూలైపోతుంది.

ఇక్కడ మాత్రం నేను రీస్టార్ట్ వైపే. స్క్రిప్టులతో నడిచే పెద్ద సెటిల్‌మెంట్ మోడ్‌ను మధ్యలో తీసేస్తే దాని అవశేషాలు సేవ్‌లోనే ఉండిపోతాయి. తర్వాత ఏ ఊళ్ళో ఏ తేడా వచ్చినా కారణం పట్టుకోలేరు. ఆ మోడ్ వెయ్యకముందు సేవ్ ఉంటే దానికి వెళ్ళండి, లేకపోతే కొత్త ఆట మొదలెట్టడమే మంచిది. 2024 ఏప్రిల్ 25న వచ్చిన అప్‌డేట్ తర్వాతి గందరగోళం వేరు. అప్పుడు స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అనే సాధనం, దాని మీద ఆధారపడ్డ మోడ్‌లు పనిచెయ్యడం మానేశాయి. సేవ్‌లు చచ్చిపోయాయని తుడిచేసుకున్నవాళ్ళు తొందరపడ్డారు. ఆ వెర్షన్‌కు తగిన మోడ్‌లు వచ్చేదాకా ఆగాల్సింది.

అపోహ: తప్పు పార్టీలో చేరితే ఊళ్ళన్నీ పోతాయి.

ఆటలోని పార్టీల్లో ఇన్‌స్టిట్యూట్‌తో వెళ్ళినా, బ్రదర్‌హుడ్‌తో వెళ్ళినా మీ ఊళ్ళు మీవే. మాస్ ఫ్యూజన్ అనే మిషన్ దగ్గర ఆ రెండిట్లో ఒకరితో శత్రుత్వం తప్పదు గానీ, మినిట్‌మెన్ అనే మరో పార్టీ దారి అప్పటికీ మూసుకుపోదు. వెనక్కి తీసుకోలేని నిర్ణయం నూకా-వరల్డ్ అనే అదనపు భాగంలో ఉంది. 2016 ఆగస్టులో వచ్చిన ఆ భాగంలో రైడర్ల (దోపిడీ ముఠాల) కోసం మీ సెటిల్‌మెంట్ ఒకటి ఆక్రమించారంటే మినిట్‌మెన్‌కు చెందిన ప్రెస్టన్ గార్వీ మీతో స్నేహం తెంచుకుంటాడు, మళ్ళీ కలవడు. ప్రెస్టన్ మీకు ముఖ్యమైతే పాత సేవ్, అదీ లేకపోతే కొత్త ఆట.

సర్వైవల్ మోడ్ (ఆటలో అన్నిటికన్నా కష్టమైన స్థాయి) ఆడేవాళ్ళకు నా సలహా ఇంకా గట్టిది. అందులో నిద్రపోతేనే సేవ్, ఫాస్ట్ ట్రావెల్ (మ్యాప్‌లో నొక్కి ఒక్కసారిగా వెళ్ళిపోవడం) లేదు. దారి పొడవునా మీరు వేసిన మంచాలే మీ సేవ్ పాయింట్లు. డైమండ్ సిటీ పక్కన హ్యాంగ్‌మన్స్ ఆలీ ఎంత ఇరుగ్గా ఉన్నా దాన్ని నిలబెట్టుకోండి.

అన్నీ చూసుకున్నాక కూడా కొత్త ఆటే అనుకుంటే, కథ మొదట్లో ఉండే వాల్ట్ 111 అనే బంకర్ నుంచి బయటికొచ్చే లిఫ్ట్ దగ్గర ఒక సేవ్ విడిగా పెట్టుకోండి. అక్కడ పేరు, ముఖం, 21 పాయింట్ల పంపకం మార్చుకునే అవకాశం ఆటే ఇస్తుంది. ఇకపై ఎన్నిసార్లు కొత్తగా మొదలెట్టినా మొదటి సీన్లు చూడక్కర్లేదు. పాత సేవ్‌లు తుడిచెయ్యకండి. డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్, అందులో ఫాల్‌అవుట్ 4, అందులో సేవ్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. సెంటర్లలో ఆడేవాళ్ళు లేచి వెళ్ళేముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, ఎందుకంటే మా లాంటి చోట్ల సిస్టమ్‌లు అప్పుడప్పుడూ ఫార్మాట్ చేస్తుంటాం.