సంపు తీసేసిన ఇల్లు: పరిశోధన నిధుల గొడవ ఎక్కడ మొదలైంది?

ఒకవైపు లక్ష కోట్ల రూపాయల నిధి, మరోవైపు నెలల తరబడి స్టైపెండ్ అందని పీహెచ్‌డీ విద్యార్థులు. రెండూ కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ కిందే ఉన్నాయి. ఇదెలా కుదురుతుందని మళ్లీ చర్చ లేచింది. ‘‘మీరు కెమికల్ ఇంజినీరింగ్ చెప్తారు, ప్రాజెక్టులు నడిపారు, దీని వెనక కథేమిటో రేపటికల్లా రాసివ్వండి’’ అని రాత్రి తొమ్మిదింటికి పత్రిక నుంచి ఫోన్ వచ్చింది. అందుకని నెహ్రూ, భట్నాగర్, భాభా అంటూ మొదటినుంచీ ఎత్తుకోవడం లేదు. ఆ కథ అందరికీ తెలుసు. పరిశోధన మీద మనం పెట్టేది జీడీపీలో 0.64 శాతమే అన్న మాటా తెలుసు. అది 2020-21 లెక్క, నిజమే. అయితే డబ్బు తక్కువన్న బాధ నేను ఉద్యోగంలో చేరిననాటి నుంచీ ఉంది. ఈ మూడు నాలుగేళ్లలో ముదిరిన గొడవ వేరు. దాని మలుపు, నా లెక్కలో, 2022 మార్చి 9.

ఆ రోజు ఆర్థిక మంత్రిత్వ శాఖలోని వ్యయ విభాగం ఒక ఉత్తర్వు ఇచ్చింది. కేంద్ర పథకాల డబ్బు ఢిల్లీ నుంచి చివరి ఖర్చుదారు దాకా ఏ దారిన వెళ్లాలో అందులో ఉంది. పెద్ద పథకాలకు రిజర్వు బ్యాంకులో ట్రెజరీ సింగిల్ అకౌంటు, మిగతావాటికి ఆ పథకం డబ్బు చూసే ఒక నోడల్ ఏజెన్సీ పేర బ్యాంకు ఖాతా. కింద ఉన్న యూనివర్సిటీలకు, సంస్థలకు ఉండేవి జీరో బ్యాలెన్స్ ఖాతాలే. అంటే ఖాతాలో డబ్బు ఉండదు, ‘లిమిట్’ ఉంటుంది. బిల్లు పెట్టినప్పుడు పైనుంచి డబ్బు నేరుగా అమ్మినవాడికి వెళుతుంది. మార్చి 31 రాత్రికి వాడని లిమిట్ ల్యాప్స్. అమలు ఒక్కసారిగా జరగలేదు. ఏజెన్సీ తర్వాత ఏజెన్సీ ఈ పద్ధతికి మారుతూ వచ్చింది, మారిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట జీతాలు ఆగాయి.

అంతకుముందు గ్రాంటు ఎలా వచ్చేదో చెప్తే తేడా తెలుస్తుంది. మూడేళ్ల ప్రాజెక్టు శాంక్షన్ అయితే ఏడాదికో విడత సంస్థ ఖాతాలో పడేది. ఏడాది చివర యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే మా భాషలో యూసీ, పంపాలి. మిగిలిన డబ్బును అనుమతితో వచ్చే ఏడాదికి తీసుకెళ్లొచ్చు. దాని మీద వచ్చిన వడ్డీ ప్రభుత్వానికి కట్టేయాలి. రెండో విడత ఆలస్యమైనా మొదటి విడత మిగులుతో విద్యార్థికి జీతం ఇచ్చి, హైడ్రోజన్ సిలిండరు తెప్పించుకుని నెట్టుకొచ్చేవాళ్లం.

ఆ మిగులే మా సంపు. మన ఊళ్లలో మున్సిపాలిటీ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, అదీ తెల్లారుజామున ఓ గంట. అయినా ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లు పడతాయంటే వాకిట్లో సంపు, మేడ మీద ట్యాంకు ఉండబట్టే. రసాయన కర్మాగారంలో కూడా రెండు యూనిట్ల మధ్య సర్జ్ ట్యాంకు పెడతాం. ముందున్న రియాక్టర్ అరగంట మొరాయించినా వెనకున్న డిస్టిలేషన్ కాలమ్ ఆగకూడదు కదా. రెండో సంవత్సరం విద్యార్థిని అడిగినా చెప్తాడు ఆ ట్యాంకు ఎందుకో. లెక్కలు చూసేవాడి కళ్లకు మాత్రం అందులో నిలిచిన ద్రవం ఊరికే పడి ఉన్న సరుకులా కనిపిస్తుంది. 2022 ఉత్తర్వు సంపు తీసేసి, కుళాయిని నేరుగా మున్సిపాలిటీ పైపుకు కలిపింది.

ఆర్థిక శాఖ వాదన కూడా కొట్టిపారేసేది కాదు. ఎన్నో సంస్థల ఖాతాల్లో గ్రాంట్ల డబ్బు నిల్వ ఉంటుంది, అదే సమయంలో ప్రభుత్వం వడ్డీకి అప్పు తెస్తుంది. ఎవరి దగ్గర ఎంత ఉందో ఢిల్లీకి తెలియదు. ఖర్చు చేసేటప్పుడే డబ్బు కదిలితే వడ్డీ మిగులుతుంది, లెక్కా కళ్ల ముందుంటుంది. రోడ్డు కాంట్రాక్టుకు ఇది చక్కగా సరిపోతుంది.

పరిశోధనకు ఎందుకు సరిపోదో చెప్పడానికి నా దగ్గర ఒక కాఫీ ఫిల్టర్ కథ ఉంది. మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడొకడు ఒకరోజు ల్యాబుకొచ్చి, ‘‘సార్, ఫిల్టర్లో మొదటి డికాక్షన్ గబగబా దిగుతుంది, అదే పొడి మీద రెండోసారి నీళ్లు పోస్తే చుక్క చుక్కే దిగుతుంది. పొడి అదే, చిల్లులూ అవే కదా?’’ అన్నాడు. వాళ్లమ్మ రోజూ చూసేదే, వాడు ఇరవై ఆరేళ్లు తాగిందే. పొడి ఉబ్బుతుంది, సన్నటి రేణువులు నీటితోపాటు కిందికి జారి చిల్లుల దగ్గర పేరుకుంటాయి, దారి మూసుకుపోతుంది. ఇంతవరకు సులువు. ఏ ఎత్తులో ఎంత మూసుకుపోతుంది, ఎంత సేపటికి, అన్నది సులువు కాదు. ఇసుక గుండా నీళ్లు ఎంత వేగంగా దిగుతాయో ఫ్రెంచ్ ఇంజినీరు డార్సీ 1856లో, దిజోన్ పట్టణ మంచినీళ్ల సరఫరా మీద రాసిన పుస్తకంలో, తేల్చి చెప్పాడు. రేణువులే కదిలి ఉబ్బుతుంటే ఆ సూత్రం ఎక్కడిదాకా నిలుస్తుందన్నదే మావాడి ప్రశ్న. ఉత్ప్రేరకాల గుళికలు నింపిన రియాక్టర్లకూ, నీటి ఫిల్టర్లకూ ఇదే తలనొప్పి.

ఆ ప్రశ్నకు కావలసింది పెద్ద యంత్రమేమీ కాదు. అతి చిన్న పీడన తేడాలను కొలిచే సెన్సర్ ఒకటి. ప్రాజెక్టులో డబ్బుంది. ఫిబ్రవరిలో ఇండెంట్ పెట్టాం, మూడు కొటేషన్లు వచ్చాయి. విదేశీ సరుకు, డెలివరీకి పన్నెండు వారాలు. అకౌంట్స్ సెక్షన్‌లో సూపరింటెండెంటు గారు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, కాగితం నావైపు తిప్పారు. ‘‘ముప్పై ఒకటి లోపల బిల్లు పడాలి సార్. సరుకు రాకుండా బిల్లు పడదు. ఏప్రిల్ ఒకటికి ఇది సున్నా.’’ ఆయన తప్పేం లేదు. లిమిట్ సున్నా అయింది. ఏప్రిల్లో మళ్లీ రాశాం. కొత్త లిమిట్ వచ్చేసరికి సెప్టెంబరు. అప్పటికి కొటేషన్ల గడువు తీరిపోయింది, డాలర్ రేటు పెరిగింది, ఫైలు మళ్లీ మొదటికొచ్చింది. ఈలోగా ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఆ కుర్రాడి జీతం కూడా అదే లిమిట్‌లో ఇరుక్కుంది. పీహెచ్‌డీ విద్యార్థులకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ మొత్తాన్ని నెలకు 31 వేల నుంచి 37 వేలకు పెంచారని 2023లో మేమంతా సంతోషించాం. ఆ 37 వేలు ఏ నెలలో వస్తాయన్నది మాత్రం ఎవరూ అడగలేదు.

2022 మార్చి తర్వాత జరిగినవన్నీ నాకు ఈ ఒక్క మార్పు చుట్టూనే తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. అదే ఏడాది జూలైలో పరిశోధన పరికరాల మీద 5 శాతం రాయితీ జీఎస్టీని తీసేశారు, చాలావాటికి 18 శాతం పడింది. 20 లక్షల పరికరం మీద పన్ను లక్ష నుంచి 3 లక్షల 60 వేలయింది. ఆ తేడా ఎక్కడినుంచి తేవాలి? మిగులు ఉంటే సర్దుకునేవాళ్లం, ఉండకూడదని అప్పటికే తేల్చారు. 2024లో ఏకంగా గ్రాంట్ల మీదే జీఎస్టీ కట్టమని కొన్ని సంస్థలకు నోటీసులు వెళ్లాయి. గోల అయ్యాక సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ మినహాయింపు ఇచ్చింది. కొనుగోళ్లయితే 2025 దాకా ప్రభుత్వ పోర్టల్ జెమ్‌లోనే చేయాల్సి వచ్చేది, ఎల్-1 అంటే తక్కువ ధర కోట్ చేసినవాడికే ఇవ్వాల్సి వచ్చేది. స్వచ్ఛత సరిగ్గా లేని ద్రావణితో మూడు నెలల ప్రయోగం పాడైన ల్యాబులు నాకు తెలుసు.

ఇక అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్. 2008 చట్టంతో వచ్చిన, పరిశోధన గ్రాంట్లు ఇచ్చే సెర్బ్ (సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డు) స్థానంలో దీన్ని తెచ్చారు. చట్టం 2023 ఆగస్టులో పార్లమెంటు దాటింది, 2024 ఫిబ్రవరి 5 నుంచి అమల్లోకొచ్చింది. ఐదేళ్లలో 50 వేల కోట్లన్నారు, అందులో ప్రభుత్వం ఇచ్చేది 14 వేల కోట్లు. మిగతా 36 వేల కోట్లు పరిశ్రమలు, దాతలు, ఇతర వనరుల నుంచి రావాలి. దీని ఉద్దేశాల్లో నాకు బాగా నచ్చింది రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు పరిశోధన చేర్చడం. చిక్కు కూడా అక్కడే ఉంది. ఐఐటీలో లిమిట్ ఆలస్యమైతే డీన్ ఆఫీసు సొంత నిధి నుంచి అడ్వాన్స్ ఇచ్చి విద్యార్థి జీతం నడిపిస్తుంది. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో రిటైరైనవాళ్ల పింఛనుకే వెతుక్కునే పరిస్థితి, ఇక అడ్వాన్స్ ఎక్కడినుంచి ఇస్తారు? సంపు తీసేస్తే మొదట ఎండేది మేడ మీద ట్యాంకు లేని ఇల్లే. 2025లో సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ ఫెలోషిప్ మీద చదివేవాళ్లకు నెలల తరబడి స్టైపెండ్ రాలేదన్న వార్తలొచ్చినప్పుడు త్వరలోనే సర్దుబాటవుతుందని శాఖ చెప్పింది. సర్దుబాటయ్యేదాకా అద్దె ఎవరు కట్టారన్నది ఆ జవాబులో లేదు.

ఇప్పుడు లక్ష కోట్ల సంగతి. 2025 జూలై 1న కేబినెట్ ఆమోదించిన పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణల పథకం అది, నవంబరులో మొదలుపెట్టారు. ఇది ప్రధానంగా ప్రైవేటు రంగానికి దీర్ఘకాలిక చౌక రుణాలు, పెట్టుబడుల కోసం. టెక్నాలజీ పరిపక్వతను 1 నుంచి 9 దాకా కొలిచే మెట్లలో నాలుగో మెట్టు, ఆపై ఉన్నవాటికే డబ్బు. పథకం తప్పని నేననను. కెమికల్ ఇంజినీరింగ్ పుట్టిందే పరిశ్రమ గుమ్మంలో. తెనాలి దగ్గర యలవర్రు నుంచి వెళ్లిన నాయుడమ్మ గారు తోళ్ల పరిశోధనను టానరీల దాకా తీసుకెళ్లారు, అది చిన్నతనమని ఎవరూ అనలేదు. అయితే ఆయన నడిపిన చెన్నై ల్యాబు ప్రభుత్వ ల్యాబు. టానరీల దగ్గరికి వెళ్లడానికి మొదట ఒక ల్యాబు, అందులో నెలనెలా జీతం అందుకునే మనుషులు ఉండాలి కదా.

నాలుగో మెట్టు కింద ఏముంటుందో చెప్పడానికి బ్రౌన్‌ష్వైగ్‌లోని ఒక వంటిల్లు చాలు. ఆగ్నెస్ పొకెల్స్ అనే అమ్మాయిని జర్మనీలో అప్పటి రోజుల్లో యూనివర్సిటీకి రానివ్వలేదు. ఇంట్లో ఉండి తల్లిదండ్రులను చూసుకుంటూ, అంట్లు తోమిన నీళ్ల మీద జిడ్డు ఎలా పరుచుకుంటుందో గమనించింది. రేకుతో ఒక తొట్టి, నీళ్లపై అటూ ఇటూ జరపడానికి ఒక రేకు ముక్క, తలతన్యత కొలవడానికి తక్కెడకు వేలాడదీసిన ఒక గుండీ. ఇదీ ఆమె ల్యాబు. పదేళ్ల తర్వాత బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరం రాస్తే, ఆయన దాన్ని 1891లో నేచర్ పత్రికలో అచ్చు వేయించారు. ఆ తొట్టినే మెరుగుపరిచి వాడుకున్న అమెరికన్ శాస్త్రవేత్త లాంగ్‌మ్యూర్‌కు ఉపరితల రసాయన శాస్త్రంలో 1932లో నోబెల్ వచ్చింది. ఆమెకు గ్రాంటు లేదు నిజమే, మార్చి 31 కూడా లేదు. ఆ అంట్ల నీళ్లు ఏ మెట్టు మీదున్నాయని అడిగితే ఏ కమిటీ అయినా ఏమని రాస్తుంది?

2025 జూన్‌లో ఒక మంచి పని జరిగింది, చెప్పకపోతే అన్యాయం. శాస్త్ర సంస్థల కొనుగోలు నిబంధనలను ఆర్థిక శాఖే సడలించింది. అవసరమైతే జెమ్ బయట కొనొచ్చు, కొటేషన్లు లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకు, కమిటీ ద్వారా కొనేది 10 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది. మేమంతా ఆ ఉత్తర్వును ఒకరికొకరు వాట్సాప్‌లో పంపుకున్నాం. వాడని లిమిట్‌ను ఏప్రిల్‌కు తీసుకెళ్లే సంగతి మాత్రం అందులో లేదు.

మా సెన్సర్ చివరికి వచ్చింది. అట్టపెట్టె మీద పర్చేజ్ ఆర్డర్ నంబరు, కింద ఆ కుర్రాడి పేరు. అప్పటికి వాడు వేరే అంశంతో థీసిస్ ఇచ్చేసి, ఫార్మా కంపెనీలో చేరి ఏడు నెలలైంది. ఫోన్ చేసి చెప్తే నవ్వి, ‘‘ఆ డికాక్షన్ సంగతి ఎవరైనా చూస్తున్నారా సార్?’’ అని అడిగాడు.