పలుపు విప్పాక ఎక్కడికి? కృష్ణా తీరంలో పశువుల సాయం వెనక కథ

2024 సెప్టెంబరు మొదటి వారం. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్లు కిందికి దూకిన రోజులు. కొల్లిపర వైపు కరకట్ట మీద గేదెల్ని బారుగా కట్టేశారు. ఒకామె స్టీలు బకెట్ పెట్టుకుని గేదెను పితుకుతోంది. బకెట్ నిండాక లేచి వెళ్లి, ఆ పాలను గట్టు వాలులో పారబోసింది. దారి మునిగింది, పాలకేంద్రం వ్యాను రాదు. పితకకుండా వదిలేస్తే పొదుగువాపు వస్తుంది, ఆ ఈతకు పాలు పోయినట్టే. అందుకే పూటపూటా పితికి పారబోస్తోంది. అక్కడికి గంట ప్రయాణం దూరంలో, విజయవాడ సింగ్ నగర్‌లో, బుడమేరు నీళ్ల మధ్య మేడలెక్కిన జనం పసిపిల్లలకు పాలప్యాకెట్ కోసం పడవల వంక చూస్తున్నారు.

వరద సాయం అనగానే మనకు తట్టేవి పులిహోర పొట్లం, నీళ్ల సీసా, దుప్పటి. గేదెకు ఏం కావాలన్న ప్రశ్న ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. ఆ ఆలస్యం ఈనాటిది కాదు.

1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసిన కరువును నందన కరువనీ, డొక్కల కరువనీ అన్నారు. అయిదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని లెక్క. మేత లేక పశువులూ పోయాయి. అరక కట్టే ఎద్దు లేకపోతే వాన పడ్డా సేద్యం లేదు. తర్వాత 1852-55 మధ్య బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. డెల్టా అన్నపూర్ణ అయింది. పశువుల వైపు నుంచి చూస్తే మాత్రం ఇంకో మార్పు జరిగింది. పచ్చిక బీళ్లు వరి పొలాలయ్యాయి, గొడ్డుకు ఏడాది పొడుగునా వరిగడ్డే ఆధారమైంది. ఇంటి వెనక గడ్డివామి ఉంటేనే చావిడికి ధీమా. వరద ముందు ముంచేది ఆ వామినే.

కరువు సాయానికి బ్రిటిష్ వాళ్లు రాసిన నిబంధనల్లో పశువుల మాట అసలు లేకపోలేదు. కరువొస్తే అడవుల్ని మేతకు తెరవమన్నారు. డెల్టాలో తెరవడానికి అడవెక్కడిది? 1884 నాటి రైతు రుణాల చట్టం కింద విత్తనాలకూ పశువులకూ అప్పులు ఇచ్చారు. పాతకాలం రైతులు తక్కావి అనేవారే, అదే. గొడ్డు పోయాక కొత్తది కొనుక్కోవడానికి అప్పు. ఉన్న గొడ్డును బతికించే సాయం దాదాపు లేదు. నా దృష్టిలో అసలు తప్పు అక్కడే మొదలైంది, ఇప్పటికీ పూర్తిగా సరిదిద్దుకోలేదు.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. గుంజకు కట్టేసిన పశువులు కట్టేసినట్టే మునిగిపోయాయి. పలుపు విప్పే వ్యవధి లేదు. బతికిన కొద్ది పశువులకు తాగే నీళ్లు లేవు, చెరువుల్లో ఉప్పునీరు చేరింది. కళేబరాలను పూడ్చడమే సహాయక బృందాలకు పెద్ద పనైంది. ఆ తర్వాత తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టారు. స్తంభాల మీద నిలబెట్టిన ఆ భవనాల వల్ల తర్వాతి తుపాన్లలో ఎన్నో ప్రాణాలు దక్కాయి. కానీ గేదె మెట్లెక్కదు. అందుకే పడవ వచ్చినా, పోలీసులు బతిమాలినా, గొడ్డును వదిలి ఎట్టా రమ్మంటారని ఇంటికొకరు వెనక ఉండిపోతారు. అది మొండితనం కాదు. పాల డబ్బుతో ఇల్లు నడిపే కుటుంబానికి ఆ గేదే బ్యాంకు.

2009 అక్టోబరులో బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల్లో మళ్లీ ఇదే కథ. విపత్తుల్లో పశువుల్ని ఎలా ఆదుకోవాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలు, లెగ్స్ అంటారు, మొదటిసారి అచ్చయింది కూడా ఆ ఏడాదే. ఇథియోపియా, కెన్యా లాంటి చోట్ల పశువుల కాపరుల కరువు అనుభవం వాటి వెనక ఉంది. మేత, నీళ్లు, వైద్యం, నీడ అందించి ఉన్న పశువును నిలబెట్టడం మీద వాటి దృష్టి. కొత్త పశువును కొనివ్వడం ఖర్చుతో, చిక్కులతో కూడిన పని అని అవి హెచ్చరిస్తాయి. తక్కావి నాటి ఆలోచనకు ఇది పూర్తిగా ఎదురు దారి.

మన దగ్గర పరిహారం లెక్క ఇంకా చావు చుట్టూనే తిరుగుతోంది. 2022 తర్వాతి కేంద్ర నిబంధనల ప్రకారం పాడి గేదె చనిపోతే 37,500 రూపాయలు. 2024లో రాష్ట్రం దాన్ని 50,000 చేసింది, మంచిదే. కానీ మంచి ముర్రా గేదె లక్ష దాటుతుంది. పైగా పశువైద్యుడి ధ్రువీకరణ కావాలి. కొట్టుకుపోయిన గేదెకు ధ్రువీకరణ ఎలా తెస్తారు? చెవికి 12 అంకెల ట్యాగు ఉంటే కొంత నయం, కనీసం ఆ గేదె ఉండేదని రికార్డు ఉంటుంది.

బతికిన పశువు సంగతి ఇంకా సున్నితం. మిగిలిపోయిన పులిహోర, అన్నం ప్రేమ కొద్దీ ఆకలిగొన్న గేదె ముందు పెడతారు. అన్నం ఎక్కువైతే పొట్టలో పులిసి, గేదె మేత మానేసి కూలబడుతుంది, ఒక్కోసారి చచ్చిపోతుంది కూడా. ఎండుగడ్డి ఒక్క మోపు దొరికితే ఈ ప్రమాదం తప్పేది. నీళ్లలో నిలబడి నిలబడి గిట్టలు మెత్తబడతాయి. వరద తీశాక గొంతువాపు రోగం భయం ఉంటుంది, దానికి టీకా వానలకు ముందే పడాలి. 2022 నుంచి 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం ఊరికి వస్తోంది. రోడ్డు ఉంటేనే కదా వచ్చేది. అందుకే వరదల ముందే ఎత్తైన చోట గడ్డి నిల్వ, గొడ్లను తోలుకెళ్లే దారి, ఎవరి పలుపు ఎవరు విప్పాలన్న మాట ఊళ్లోనే తేలాలి.

కరకట్ట మీదికి ఎండుగడ్డి ట్రాక్టరు నాలుగో రోజుకు వచ్చింది. కింది మోపులు తడిసి వేడెక్కాయి. బకెట్ పట్టుకున్న ఆమే ఒక్కో మోపునూ విప్పి, చేత్తో తడిమి, వాసన చూసింది. బూజు పట్టినవి పక్కన పడేసింది. పొడివి మూడు మోపులు దొరికితే, ఒకటి పక్క గుంజ దగ్గరున్న దూడ ముందు వేసి, మిగతా రెండూ తన గేదె దగ్గరికి మోసుకెళ్లింది.