జొన్నల రేషన్ నుంచి ప్రజాతీర్పు దాకా

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. అదే ఏడాది జహీరాబాద్ ప్రాంతంలో పని చేయడానికి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ పుట్టింది. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుపడటానికి పదేళ్లు పట్టింది.

బియ్యం కడుపు నింపింది, కాదనలేం. కానీ జొన్నకు గిరాకీ పోయి, పెట్టుబడీ లేక, పేదల చెలకలు, అంటే మెట్ట చేలు, సాగు లేక పడావు పడ్డాయి. చెలక పడావు పడితే కూలీ పోతుంది, పశువుకు చొప్పా పోతుంది. దళిత మహిళల సంఘాలు సొసైటీ ముందు పెట్టిన గోడు ఇదే. అక్కడి నుంచే 1990ల మధ్యలో జొన్నల రేషన్ ఆలోచన వచ్చింది. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సొమ్ముతో ముప్పైకి పైగా ఊళ్లలో సుమారు 2,600 ఎకరాల పడావు భూమి సాగులోకి వచ్చింది. సాగుకు తీసుకున్న అప్పును రైతులు గింజల్లోనే తీర్చారు. ఆ గింజలను ఊళ్లోనే నిల్వ చేసి, తిండికి కటకటలాడే రోజుల్లో పేదలకు చౌకగా అమ్మారు.

మరి ఆ పేదలెవరు? తెల్లకార్డు చూసి తేల్చలేదు. ఊరందరినీ కూర్చోబెట్టి, నేల మీద ఊరి పటం గీసి, ఒక్కో ఇంటినీ పేదరికంలో ఏ మెట్టు మీదుందో అందరి ఎదుటే తేల్చారు. పక్కింటి పొయ్యి సంగతి తెలిసినవాళ్ల ముందు అబద్ధం నిలవదు. సొసైటీ కార్యకర్త పని అడగడం, ఆగడం. చెప్పుకోవడానికి తేలిక, చదువుకున్నవాడికి ఆగడమే కష్టం. తర్వాత ఎన్నో పథకాల్లో ఇదే పద్ధతి, చార్టు ముందే నింపుకొచ్చి వేలిముద్రలు వేయించుకునే తంతుగా దిగజారింది.

2001 జూన్‌లో జహీరాబాద్ దగ్గర అల్గోల్‌లో, సామాన్యులే జ్యూరీగా కూర్చుని ప్రభుత్వ విధానాన్ని విచారించే 'ప్రజాతీర్పు' జరిగింది. 19 మంది జ్యూరీ. ఎక్కువమంది సన్నకారు రైతులు, అందులోనూ ఆడవాళ్లే ఎక్కువ. వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గిస్తామన్న విజన్ 2020ని, అంటే చంద్రబాబు ప్రభుత్వ అభివృద్ధి ప్రణాళికను, వాళ్ల ముందు పెట్టారు. నిపుణులను రోజుల తరబడి ప్రశ్నించి, జ్యూరీవాళ్లు ఆ దారి వద్దన్నారు. రాష్ట్రానికి సాయమందిస్తున్న బ్రిటన్ అభివృద్ధి శాఖ మరుసటి ఏడాది ఆ తీర్పు నివేదికపై అభ్యంతరం చెప్పింది. జ్యూరీని ఎలా ఎంచారు, వాళ్లు ఎవరి తరఫున మాట్లాడినట్టు అన్న వాదన లండన్ దాకా నడిచింది. మెకిన్సీ అనే విదేశీ కన్సల్టెన్సీ కంపెనీ సలహాతో తయారైన విజన్ పత్రాన్ని మాత్రం ఆ ప్రశ్న అంత గట్టిగా ఎవరూ అడగలేదు.