బీడీ మీద పన్ను సరే, ఆ సెస్సు ఏమైంది?

బీడీ పన్ను గొడవ మళ్లీ రాజుకుంది. 28 శాతం ఉన్న జీఎస్టీని 18కి దించాలని 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి నిర్ణయించింది. తునికాకు మీద పన్ను 18 నుంచి 5కి దిగింది. అదే నిర్ణయంలో సిగరెట్టుకు, గుట్కాకు 40 శాతం ఖరారైంది. పొగ పొగే కదా, ఒకదానికి 40, ఇంకోదానికి 18 ఏమిటని ప్రజారోగ్య సంఘాలు నిలదీశాయి. బీడీ మీద తగ్గించడం కాదు, ఇంకా పెంచాలన్నది వాళ్ల వాదన. మహారాష్ట్రలోని సోలాపూర్ తూర్పు భాగంలో, అశోక్ చౌక్ చుట్టుపక్కల తెలుగు పేటల్లో వినిపించే ప్రశ్న వేరు. పన్ను పది శాతం దిగితే వెయ్యి బీడీల కూలి ఎంత పెరుగుతుంది?

ఈ ప్రశ్నకు బదులు వెతకాలంటే జీఎస్టీ మొదలైన 2017 జూలై 1కి వెళ్లాలి. నిజాం ఇలాకాలో కరువుకు తాళలేక పద్మశాలీలు మూటాముల్లె సర్దుకుని ఇక్కడికి ఎలా వచ్చారో, చాదర్లకు ఈ ఊరి పేరు ఎలా అతుక్కుందో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి దాని జోలికి పోవడం లేదు. మిల్లుల సంగతి మాత్రం ఒక్క ముక్కలో చెప్పాలి. జూనీ మిల్లు, లక్ష్మీ-విష్ణు, నర్సింగ్ గిర్జీ ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. మిల్లు భోంగా (సైరన్) మోగితే పొద్దు తెలిసే ఊరికి ఆ మోత లేకుండా పోయింది. మగవాళ్లు మిల్లు గేటు వదిలి మరమగ్గం షెడ్డుకు చేరారు. మిల్లులో నెల జీతం, పీఎఫ్, గ్రాట్యుటీ ఉండేవి. షెడ్డులో ఎన్ని చాదర్లు నేస్తే అంత కూలి. చాలా షెడ్లలో పీఎఫ్ మాటే లేదు.

విచిత్రం ఏమిటంటే, అదే ఇంట్లో గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడమనిషికి పీఎఫ్ ఉంది. ఆమె చేతిలో బీడీ కార్మికురాలిగా గుర్తింపు కార్డు ఉంది. మిల్లు పోయాక ఇంటికి మిగిలిన ఒకే ఒక్క ప్రభుత్వ కాగితం అది. సోలాపూర్ పతనం గురించి రాసేవాళ్లు పొగగొట్టాల ఫొటోలు వేస్తారు గానీ ఈ కార్డును పట్టించుకోరు.

ఆ కార్డు ఊరికే రాలేదు. ఇంటి దగ్గర చుట్టేవాళ్లను కూడా కార్మికులుగా గుర్తిస్తూ 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టం వచ్చింది. ఇంట్లో పని చేసే మనిషి మా కార్మికురాలు ఎలా అవుతుందని యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1974లో కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. తర్వాత రెండేళ్లకు, 1976లో, ఒకదానికొకటి ముడిపెట్టి రెండు చట్టాలు చేశారు. ఒకటి బీడీ మీద సెస్సు వేసేది, రెండోది ఆ సొమ్ముతో కార్మికుల సంక్షేమ నిధి నడిపేది. తయారైన ప్రతి వెయ్యి బీడీలకు ఇంతని వసూలు చేసి, బీడీ కార్మికుల దవాఖానాలకు, పిల్లల స్కాలర్‌షిప్పులకు, ఇళ్ల సాయానికి ఖర్చు పెట్టాలి. వేరే దేనికీ వాడకూడదు.

వసూలైన సెస్సు పెద్ద మొత్తమేమీ కాదు. దవాఖానాలో మందులు లేవనీ, స్కాలర్‌షిప్పు డబ్బులు పరీక్షలయ్యాక పడ్డాయనీ ఫిర్యాదులు అప్పుడూ ఉన్నాయి. కానీ ఫిర్యాదు చేయడానికి ఒక ఆధారం ఉండేది. నేను చుట్టిన బీడీ మీద తీసుకున్నావు, నాకు ఖర్చు పెట్టు అని అడిగే హక్కు ఉండేది. సోలాపూర్ పక్కనున్న కుంభారిలో 10 వేల మంది బీడీ కార్మికులకు కట్టిన ఇళ్లను 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి అప్పగించారంటే, దాని వెనక మాజీ ఎమ్మెల్యే నర్సయ్య ఆడం నడిపిన యూనియన్ ఊరేగింపులు ఎన్నో ఉన్నాయి. ఆ ఊరేగింపుల్లో నడిచినవాళ్ల చేతుల్లో ఉన్నది ఆ కార్డే.

2017 జూలై 1న ఒకేసారి రెండు జరిగాయి. బీడీ 28 శాతం జీఎస్టీ కిందికి వచ్చింది. జీఎస్టీకి దారి చేయడానికి పార్లమెంటు తెచ్చిన పన్ను చట్టాల సవరణతో బీడీ సెస్సు రద్దయింది. మొదటిది పత్రికల్లో పతాక శీర్షిక అయింది. రెండోది చాలామంది కంట పడనే లేదు. పన్ను పెరిగింది, కానీ పన్నుకూ కార్మికురాలికీ మధ్య ఉన్న తాడు తెగింది. సంక్షేమ నిధికి ఇకమీదట బడ్జెట్ నుంచే ఇస్తామని కేంద్రం చెప్పింది, ఇస్తోంది కూడా. అయితే బడ్జెట్లో ఎంత ఇవ్వాలో ఢిల్లీ ఇష్టం. ఎన్ని బీడీలు చుట్టారన్న లెక్కతో దానికి సంబంధం లేదు.

యజమానుల మాట కూడా చెప్పాలి. అంతకుముందు ఎక్సైజు సుంకం వెయ్యికి ఇంతని ఉండేది, ఏడాదికి 20 లక్షల లోపు బీడీలు చేసే చిన్న తయారీదారులకు మినహాయింపు ఉండేది, జీఎస్టీ వచ్చాక ధరలో వాటా లెక్కన కట్టాల్సి వచ్చింది, పైగా 2016 నుంచి కట్ట మీద 85 శాతం హెచ్చరిక బొమ్మ వేయాలి. గిరాకీ తగ్గిందంటారు. తగ్గే ఉంటుంది. కానీ గిరాకీ తగ్గినప్పుడు ముందు తగ్గేది చుట్టడానికి కంపెనీ బ్రాంచిలో ఇచ్చే ఆకు, తంబాకు. వారంలో ఆరు రోజుల పని నాలుగు రోజులకు వస్తుంది. చుట్టి తెచ్చిన వాటిలో పనికిరావని పక్కకు తీసే బీడీల లెక్క పెరుగుతుంది. పన్ను భారం ఎవరి మీద పడిందో తెలుసుకోవడానికి ఆ పక్కకు తీసిన కుప్ప చూస్తే చాలు.

వైద్యుల మాటను కొట్టిపారేయలేం. 2016-17 జాతీయ పొగాకు సర్వేలో పెద్దవాళ్లలో బీడీ తాగేవాళ్లు 7.7 శాతం, సిగరెట్టు తాగేవాళ్లు 4 శాతం. తాగేది పేదలే, ఆసుపత్రి ఖర్చుకు అప్పులపాలయ్యేదీ వాళ్లే. పొగాకు ధరలో కనీసం 75 శాతం పన్ను ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. తంబాకు ధూళి పీలుస్తూ చుట్టే ఆడవాళ్ల ఊపిరితిత్తుల గురించి మొదట మాట్లాడిందీ వైద్యులే. కానీ వచ్చిన పన్నుతో ఈ ఆడవాళ్లకు వేరే పని చూపించండన్న మాట వాళ్ల వినతిపత్రాల్లో చివరి పేరాలో ఉంటుంది.

ఇక ఎవరి మీద పన్ను పెంచాలన్న అసలు చర్చకు వద్దాం. ఇక్కడ 2015ను గుర్తు చేసుకోక తప్పదు. ఆ ఏడాది బడ్జెట్లో అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ సంపద పన్నును ఎత్తేశారు. 1957 నుంచి ఉన్న పన్ను. 2013-14లో వచ్చింది 1,008 కోట్లే, వసూలు ఖర్చు ఎక్కువ అన్నారు. బదులుగా కోటి పైన ఆదాయం ఉన్నవాళ్లకు 2 శాతం సర్‌చార్జి పెంచారు. అదే ఏడాది ఆగస్టు 1న మహారాష్ట్రలో నగరపాలికల స్థానిక పన్ను ఎల్‌బీటీ కూడా, 50 కోట్లకు మించి వ్యాపారం చేసేవాళ్లకు తప్ప, పోయింది. సోలాపూర్ కార్పొరేషన్ తన ఖర్చుకు ముంబయి వైపు చూడాల్సి వచ్చింది. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గింది. దాని వల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం వదులుకున్నామని ప్రభుత్వమే చెప్పింది. ఈ వరుసలో బీడీని పెట్టి చూడండి. బంగారం మీద జీఎస్టీ 3 శాతం. బీడీ మీద 2017 నుంచి 28 ఉండేది. బంగారం ఊపిరితిత్తులు పాడు చేయదు, నిజమే.

2022-23లో దేశ సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది దగ్గర ఉందని 2024లో ఫ్రెంచి ఆర్థికవేత్త థామస్ పికెటీ బృందం లెక్క కట్టింది. 10 కోట్లకు మించిన ఆస్తి మీద ఏటా 2 శాతం పన్ను వేయమని సూచించింది. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల వేళ వారసత్వ పన్ను మాట ఎత్తిన కాంగ్రెస్ నేత శామ్ పిట్రోడా మీద ఎంత దుమారం రేగిందో తెలిసిందే. ఆయన పార్టీ కాంగ్రెసే అది మా విధానం కాదని తప్పుకుంది. 1985లో ఎస్టేట్ డ్యూటీ తీసేసింది కూడా అదే పార్టీ ప్రభుత్వం.

సరిహద్దు దాటితే ఇంకో సంగతి. ఇక్కడి వాళ్లకు నిజామాబాద్‌లో, సిరిసిల్లలో, కరీంనగర్‌లో పిల్లనిచ్చిన వాళ్లు, పుచ్చుకున్న వాళ్లు ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2015 నుంచే బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల భృతి మొదలుపెట్టింది, 2019లో దాన్ని 2,016 చేసింది. పెళ్లికి వెళ్లినప్పుడు వదినా మరదళ్లు మాట్లాడుకునే మాటల్లో ఈ అంకె రాకుండా ఉండదు. అదే బీడీ, అదే చాట, ఆమెకు వస్తోంది, నాకెందుకు రాదు? నాందేడ్ సరిహద్దు ఊళ్లు మమ్మల్ని తెలంగాణలో కలపండని 2018లో అడిగాయంటే కారణం ఇలాంటి పోలికలే. మహారాష్ట్రలో 2024లో లాడ్కీ బహీణ్ పథకం కింద నెలకు 1,500 మొదలైంది. అది తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల ఆడవాళ్లకు ఉద్దేశించింది. బీడీ చుట్టినందుకు ఇచ్చేది కాదు.

2024 జనవరి 19న ప్రధాని మోదీ కుంభారిలోనే రేనగర్‌లో 15 వేల ఇళ్లు అప్పగించారు. చిన్నప్పుడు తనకు ఇలాంటి ఇల్లు ఉంటే బాగుండేదని వేదిక మీద గొంతు పూడుకుపోయి ఆగారు. అవి పీఎం ఆవాస్ ఇళ్లు. బీడీ కార్మికులతో పాటు మరమగ్గం కార్మికులు, చెత్త ఏరుకునేవాళ్లు, డ్రైవర్లు ఉన్నారు. మంచిదే. 2006 ఇళ్లను బీడీ కార్మికులు తమ కార్డు చూపించి అడిగారు. 2024 ఇళ్లకు పేదవాళ్లమని చూపించుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు 18 శాతం. 2025 సెప్టెంబరు నిర్ణయం వెంటనే అమలు కాలేదు, రాష్ట్రాల పరిహారం కోసం తెచ్చిన అప్పు తీరేదాకా పొగాకు సరుకుల మీద పాత పన్నునే ఉంచారు. ఆ నడుమ, నవంబరు 21న, నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. ఇంటి దగ్గర బీడీ చుట్టే మనిషిని కార్మికురాలని మొదట పిలిచిన 1966 చట్టం వాటిలో కలిసిపోయింది.