గోరు మాంసంలోకి దిగితే మాత్రలతో ఎందుకు తగ్గదు

మొన్న ఒకావిడ అడిగారు. "మావాడు ఇంటర్ సెకండియర్ అండీ, కాలి బొటనవేలు ఒక పక్కంతా వాచి చీము కారుతోంది, రెండుసార్లు యాంటీబయాటిక్ కోర్సు వాడాం, వేసుకున్నన్నాళ్లు తగ్గుతుంది, ఆపగానే మళ్లీ మొదలు, ఇప్పుడేమో గోరు పీకించమంటున్నారు, పీకిస్తే ఇక రాదా?" అని. ఫోన్లో ముక్తసరిగా ఏదో చెప్పి పెట్టేశాను గానీ ఇది అలా చెప్పి వదిలేసే విషయం కాదు, నాకు భలే ఇష్టమైన విషయం.

ముందు చీము సంగతి పక్కన పెట్టండి. కాల్లో తుమ్మముల్లు దిగి విరిగిపోయిందనుకోండి, ముల్లు లోపలే ఉంచుకుని పైన పసుపు రాస్తే, మాత్రలు మింగితే ఏమవుతుంది? నాలుగు రోజులు నెమ్మదించి మళ్లీ చీము పడుతుంది. ఇక్కడ జరిగేదీ అచ్చంగా అదే, కాకపోతే ఈ ముల్లు మన గోరు అంచే. గోరంటే కెరాటిన్ అనే గట్టి ప్రోటీన్‌తో నిండిన, చచ్చిపోయిన కణాల పలక. అది చర్మం బయట ఉన్నంతకాలం ఒంటికి దాంతో గొడవ లేదు. అదే అంచు చర్మం పైపొర చీల్చుకుని లోపలి పొరలోకి దిగిందో, ఒళ్లు దాన్ని తనదిగా చూడదు, పరాయి వస్తువుగా చూస్తుంది. ఒంటిని కాపాడే తెల్ల రక్తకణాల్లో ముందు న్యూట్రోఫిల్స్ వస్తాయి, వెనకాల చెత్తని మింగే మాక్రోఫేజ్‌లు వస్తాయి, వచ్చి దాన్ని కరిగించాలని చూస్తాయి. కెరాటిన్ గొలుసుల్ని సల్ఫర్ పరమాణువుల జంటలు, అంటే డైసల్ఫైడ్ బంధాలు, కుట్లు వేసినట్టు బిగించి ఉంచుతాయి కాబట్టి మన ఎంజైములకు అది కరగదు. కరగకపోయేసరికి ఒళ్లు ఇంకా సైన్యాన్ని పంపుతుంది, కొత్త రక్తనాళాలు పుట్టిస్తుంది, ఎర్రగా తడితడిగా, ముట్టుకుంటే రక్తం వచ్చే పచ్చికండ పెరుగుతుంది. ఆ కండ ఉబ్బి గోరుకి ఇంకా ఆనుకుంటుంది, ఆనుకున్నకొద్దీ ఇంకా లోతుగా గుచ్చుకుంటుంది. స్టాఫిలోకాకస్ లాంటి బ్యాక్టీరియా వచ్చేది ఆ తర్వాతే, తెరిచి ఉన్న తలుపులోంచి. యాంటీబయాటిక్ చంపేది వాటిని, ముల్లుని కాదు. అందుకే ఆపగానే మళ్లీ మొదలు.

పైగా తుమ్మముల్లు దిగినచోటే ఉంటుంది, ఇది రోజూ ముందుకు జరిగే ముల్లు. కాలి గోరు నెలకి సుమారు 1.6 మిల్లీమీటర్లు పెరుగుతుంది, చేతి గోరు వేగంలో సగం. బొటనవేలి గోరు మొత్తం కొత్తది రావాలంటే ఏడాది నుంచి ఏడాదిన్నర. ఈ నత్తనడక సంగతి గుర్తుంచుకోండి, ఇంటి వైద్యం ఎందుకు ఫెయిలవుతుందో దీంట్లోనే ఉంది.

ముల్లు తయారయ్యేది ఎక్కువగా మన చేతుల్లోనే. కాలి గోళ్లని చేతి గోళ్లలాగా గుండ్రంగా మూలలు దింపి తీస్తాం, కట్టర్ మూల లోపలిదాకా అందదు, అక్కడ కంటికి కనపడని చిన్న కొస మిగులుతుంది. కట్టర్ లేకుండా చేత్తో పీకే అలవాటున్న వాళ్లకి ఇంకా ఘోరం. మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు 2004లో చేతి గోళ్లని చించి కొలిచారు, నిలువుగా చించడానికి అడ్డంగా చించేదానికంటే దాదాపు రెట్టింపు శక్తి కావాలట. గోరులో మూడు పొరలుంటే మధ్య పొరలో కెరాటిన్ పోగులు అడ్డంగా, గోరు అంచుకి సమాంతరంగా పరుచుకుని ఉంటాయి, చీలిక ఆ పోగుల వెంటే పోతుంది. నన్నడిగితే ఇది అద్భుతమైన డిజైన్, లేకపోతే గోరు కాస్త చిట్లినప్పుడల్లా చీలిక కుదురు దాకా పాకి ప్రాణం పోయేది. కానీ చేత్తో పీకేటప్పుడు ఆ చీలికే అడ్డంగా పరిగెత్తి పక్క చర్మం కింద దూరి అక్కడ ఎక్కడో తెగుతుంది, తెగినచోట సూదిలాంటి కొస. ముల్లు రెడీ.

మనిళ్లలో మంగళవారం గోళ్లు తీయకూడదు, శుక్రవారం అసలు తీయకూడదు, దీపం పెట్టాక తీయకూడదు అని చెప్పేవాళ్లు బోలెడుమంది. దీపం సంగతి అర్థముంది, గుడ్డివెలుతురులో కత్తిపీట లాంటి వాటితో గోళ్లు తీసే రోజుల్లో అది మంచి సలహానే. ఏ వారం తీయాలో ఇంత లెక్క ఉంది గానీ ఎలా తీయాలో మాత్రం ఎవరూ చెప్పరు. బళ్లో కూడా అంతే, చేతులు చాపించి గోళ్లు చూసి బెత్తంతో ఒకటి వేసేవాళ్లు, బూట్లు విప్పి కాళ్లు చూసిన మాస్టార్ని నేనైతే చూళ్లేదు. కాలి గోరు అడ్డంగా, తిన్నగా తీయాలి, మూలలు చర్మానికి బయట కనపడుతూ ఉండాలి. పాఠమంతా ఇంతే.

ఇంకో సలహా బాగా తిరుగుతుంటుంది. గోరు మధ్యలో వి ఆకారంలో కత్తిరిస్తే ఆ ఖాళీ పూడ్చుకోవడానికి గోరు మధ్యకి పెరిగి మూలలు లోపలికి లాక్కుంటుందట. చచ్చిన పలకకి తన అంచున ఏం కోశారో ఎలా తెలుస్తుంది చెప్పండి? గోరు పెరిగేది కుదురులో, చర్మం కింద దాక్కున్న మాట్రిక్స్‌లో మాత్రమే, అక్కడ తయారై ముందుకి తోసుకుంటూ వస్తుంది. అంచున వి కోసినా ఓంకారం చెక్కినా అది మెల్లగా ముందుకొచ్చి రాలిపోతుంది, అంతకుమించి ఏమీ జరగదు.

బిగుతు బూట్లు, చెమట పట్టే పాదాలు, ఫుట్‌బాల్, ఇవన్నీ తోడవుతాయి. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ వాడేవాళ్లలో కూడా ఇది వస్తుంది, ఆ వయసు పిల్లలే కాబట్టి డాక్టర్‌కి ఆ మందు సంగతి చెప్పడం మర్చిపోవద్దు. జపాన్ పరిశోధకులు మంచానపడ్డ రోగుల గోళ్లు ఎక్కువ వంపు తిరుగుతాయని గమనించారు. గోరుకి తనంతట తాను ముడుచుకునే గుణం ఉందని, నడిచేటప్పుడు నేల కిందనుంచి వేలిని నొక్కడమే దాన్ని చదునుగా ఉంచుతోందని వాళ్ల వాదన.

కొత్తగా మొదలైతే, చీము లేకపోతే, ఇంట్లోనే ప్రయత్నించొచ్చు. గోరువెచ్చని నీళ్లలో పావుగంట కాలు పెడితే గోరు నీళ్లు పీల్చుకుని మెత్తబడుతుంది, అప్పుడు మూల కింద చిన్న దూది పోగు దూర్చి అంచుని మాంసం మీద నుంచి ఎత్తి ఉంచాలి, రోజూ మార్చాలి. కొంతమంది డాక్టర్లు సెలైన్ ట్యూబు ముక్కని నిలువుగా కోసి ఆ అంచుకి తొడుగులా వేస్తారు, ముల్లుకి ఒర అన్నమాట. ఇప్పుడు ఆ నత్తనడక లెక్క వేయండి, కొస అంచుకి ఐదు మిల్లీమీటర్లు వెనకుంటే బయటికి రావడానికి మూడు నెలలు. మనం వారం చూసి విసుగొచ్చి బ్లేడుతో మూల కోసేసుకుంటాం, రెండు రోజులు హాయిగా ఉంటుంది, ఇంకా లోతున ఇంకో ముల్లు మొదలవుతుంది. షుగర్ ఉన్నవాళ్లు, కాళ్లకి రక్తప్రసరణ సరిగ్గా లేనివాళ్లు మాత్రం ఈ ఇంటి ప్రయోగాలేవీ చేయొద్దు, మొదటిరోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇక పీకించడం. గోరు మొత్తం పీకించి ఊరుకుంటే సగానికి పైగా కేసుల్లో మళ్లీ వస్తుంది, ఎందుకంటే ముళ్లచెట్టు కొమ్మ కొట్టారు గానీ వేరు అలాగే ఉంది. ఇప్పుడు బాగా చేసేదేంటంటే, వేలి మొదట్లో రెండు వైపులా మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, రబ్బరుతో బిగగట్టి రక్తం ఆపి, గోరులో ఒక పక్క మూడు నాలుగు మిల్లీమీటర్ల పట్టీ మాత్రం కుదురు దాకా నిలువుగా చీల్చి తీసేస్తారు. తర్వాత ఆ పక్క మాట్రిక్స్ మూలలో దూదిపుల్లతో ఫినాల్ అనే గాఢమైన రసాయనం రెండు మూడు నిమిషాలు రుద్దుతారు. అది అక్కడి ప్రోటీన్లని చెడగొట్టి కణాల్ని చంపేస్తుంది, కోడిగుడ్డు తెల్లసొన ఉడికి గట్టిపడేటప్పుడు కూడా ప్రోటీన్లు చెడేది ఇలాగే. రక్తం ఆపేది ఎందుకంటే రక్తం కలిస్తే ఫినాల్ పలచబడిపోతుంది. నరాల కొసలు కూడా దెబ్బతింటాయి కాబట్టి తర్వాత నొప్పి అనుకున్నంత ఉండదు. ఈ ఫినాల్ ఎవరో కాదు, పాత కార్బాలిక్ యాసిడే, 1865లో గ్లాస్గోలో బండి కిందపడి కాలు విరిగిన పదకొండేళ్ల కుర్రాడి గాయానికి జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్ పూసి చీము పట్టకుండా కాపాడిన సరుకు. దాన్ని గోటి కుదురు మీదకి తెచ్చింది ఓటో బోల్, 1945లో.

వేరే వాదన కూడా ఉంది. 1959లో అమెరికాలో వాండెన్‌బోస్, బోవర్స్ అనే ఇద్దరు అసలు తప్పు గోరుది కాదు, బరువుకి పైకి ఉబ్బే పక్క కండది అన్నారు. గోరు ముట్టుకోకుండా చుట్టూ కండ కోసేసి మానడానికి వదిలేస్తారు, వారాల తరబడి డ్రెస్సింగ్ ఉంటుంది గానీ గోరు వెడల్పు తగ్గదు. కండ బాగా పెరిగిపోయిన కాళ్లకి ఈ వాదన సబబే అనిపిస్తుంది, మామూలు కేసుకి నా ఓటు ఫినాల్‌కే.

కాబట్టి ఆవిడకి నా జవాబు: మొత్తం గోరు పీకించొద్దండీ, పక్క పట్టీ తీసి ఫినాల్ పెడతారా అని అడగండి. మళ్లీ వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది, గోరు మాత్రం ఎప్పటికీ కాస్త సన్నగా ఉంటుంది. రసి మూడు నాలుగు వారాలు కారుతుంది, అన్నాళ్లూ కాలేజీకి బూట్లు కుదరవు, చెప్పులే. వాపు మరీ ముదరలేదు, ఆగొచ్చు అని డాక్టర్ అంటే ప్రాక్టికల్స్ అయ్యాక చేయించండి.