శ్రీలంకలో తక్కువ ఖర్చు సర్ఫింగ్: అపోహలు - వాస్తవాలు

సీజన్‌లో వెలిగమ బీచ్‌లో కొత్తవాళ్లకు సర్ఫింగ్ నేర్పడం నా పని. మనవాళ్లు కూడా బాగానే వస్తున్నారు, సంతోషం. కానీ డబ్బు ఎక్కడ మిగుల్చుకోవాలో అక్కడ ఖర్చుపెట్టి, ఎక్కడ పెట్టాలో అక్కడ బేరమాడుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: చిన్న ద్వీపమే కదా, ఎప్పుడెళ్లినా అలలుంటాయి.

ఉంటాయి, కానీ మీరు రూమ్ బుక్ చేసుకున్న వైపు ఉంటాయా అన్నది చూసుకోవాలి. వెలిగమ, మిదిగమ, మిరిస్స ఉన్న దక్షిణ తీరానికి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సీజన్. మేలో నైరుతి రుతుపవనాలు వచ్చాయంటే గాలి సముద్రం మీంచి ఒడ్డుకు కొట్టి అలల్ని చిందరవందర చేసేస్తుంది, కొత్తవాళ్లకు ఆ నీళ్లలో బోర్డు పట్టుకుని నిలబడడమే కష్టం. సరిగ్గా అప్పుడే మనకు వేసవి సెలవులు, హోటళ్లు కూడా చవగ్గా కనిపిస్తాయి, దాంతో చాలామంది మేలో దక్షిణానికే బుక్ చేసేస్తారు. మే నుంచి సెప్టెంబరు మధ్య వచ్చేవాళ్లు తూర్పున పొత్తువిల్ దగ్గరున్న అరుగం బే చూసుకోండి. అక్కడికి రైలు లేదు, కొలంబో నుంచి బస్సులో దాదాపు ఒక రోజు పోతుంది, ఆ రోజును ముందే లెక్కలో వేసుకోండి. అక్కడ మెయిన్ పాయింట్ అనే అలల చోటు అనుభవం ఉన్నవాళ్లకు. నేర్చుకునేవాళ్లు బేబీ పాయింట్, విస్కీ పాయింట్ వైపు వెళ్తారు.

అపోహ: కాలికి లీష్ ఉంటుంది, బోర్డు తేలుతుంది, ఈత రాకపోయినా ఫర్వాలేదు.

దీని గురించి కాస్త గట్టిగానే చెబుతాను. లీష్ అనేది బోర్డు కొట్టుకుపోయి ఇంకొకరికి తగలకుండా కట్టే తాడు, అది తెగుతుంది కూడా. వెనక కాలికి కట్టుకునే ముందు దాని వెల్క్రో పట్టీని, బోర్డు దగ్గరి ముడిని లాగి చూడండి. అద్దె బోర్డులకు ఎక్కువగా అరిగిపోయేవి ఆ రెండే. ఇక రిప్ కరెంట్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి లాక్కెళ్లే ప్రవాహం. అలలు విరిగి నురగ కడుతున్న చోట్ల మధ్య ఒక పాయ మాత్రం ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తుంది, ఈత సరిగా రానివాళ్లు అదే సేఫ్ అనుకుని అటే దిగుతారు, ఒడ్డుకొచ్చిన నీళ్లు తిరిగి సముద్రంలోకి వెళ్లిపోయేది మాత్రం ఆ దారినే. అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, అలసిపోతారు. బోర్డు వదలకుండా తీరానికి సమాంతరంగా పక్కకు వెళ్లి, నురగ కనిపించే చోటు నుంచి ఒడ్డుకు రండి. ఈత రాకపోతే టికెట్ కొనే ముందు రెండు నెలలు మీ ఊళ్లో స్విమ్మింగ్ పూల్‌కి వెళ్లండి.

అపోహ: యూట్యూబ్ చూసి సొంతంగా నేర్చుకుంటే క్లాసు డబ్బులు మిగులుతాయి.

మిగిల్చేందుకు వేరే చోట్లు బోలెడున్నాయి. బోర్డు ఇంటి నుంచి మోసుకురావద్దు, విమానంలో దానికి విడిగా కట్టాలి, ఇక్కడ ఎనిమిది తొమ్మిది అడుగుల ఫోమ్ బోర్డులు బీచ్ పొడుగునా అద్దెకు దొరుకుతాయి, నాలుగైదు రోజులకు కలిపి మాట్లాడుకుంటే ఇంకా తగ్గిస్తారు. మొదటి రెండు రోజుల క్లాసులకు మాత్రం డబ్బు పెట్టండి. బోర్డు మీద లేవడం ముందు ఒడ్డునే నేర్పుతాం: ఇసుక మీద బోర్లా పడుకుని, అరచేతులు పక్కటెముకల దగ్గర ఆనించి, ఒక్క ఊపులో పాదాలు ఒంటి కిందికి లాక్కుని లేవాలి. చాలామంది ముందు మోకాళ్ల మీద లేచి ఆగిపోతారు, పక్కన చూసి చెప్పేవాళ్లు లేకపోతే అదే అలవాటైపోతుంది.

పెద్ద అలలున్న చోటికెళ్తే త్వరగా వస్తుందన్నది కూడా తప్పే. వెలిగమలో అడుగున ఇసుక, పడినా పెద్దగా దెబ్బ తగలదు. పక్కనే మిదిగమలో అడుగున రీఫ్, అంటే గరుకైన పగడపు రాళ్లు. దాని గీత చిన్నదైనా సబ్బూ మంచినీళ్లతో బాగా కడగాలి, లేకపోతే చీము పడుతుంది, మిగతా సెలవులన్నీ మీరు ఒడ్డునే. పొద్దున్నే దిగండి, గాలి తక్కువగా ఉంటుంది.

అపోహ: ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీ తప్ప గతి లేదు.

పగలు దిగితే 187 నంబరు బస్సులో కొలంబో ఫోర్ట్ వచ్చి, అక్కడ మాతర వైపు రైలెక్కండి. వెలిగమకు సుమారు మూడు గంటలు, టాక్సీతో పోలిస్తే టికెట్ లెక్కలోకే రాదు. కుడివైపు కూర్చుంటే దారిలో చాలాచోట్ల సముద్రమే. వీలైతే ఫోర్ట్‌కు ముందే, మరదాన స్టేషన్‌లోనే ఎక్కండి, సీటు దొరికే అవకాశం ఎక్కువ. పోయ అంటే పౌర్ణమి, ఆ రోజు దేశమంతా సెలవు, రైళ్లు కిక్కిరిసిపోతాయి.

తిండికి టెన్షన్ అక్కర్లేదు. ఇడియాప్పం, పప్పు కూర, కొబ్బరి సంబల్ మనవాళ్లకు ఇట్టే నచ్చుతాయి, బీచ్ కెఫేలు వదిలి మెయిన్ రోడ్డు మీది చిన్న హోటళ్లలో తింటే ఖర్చు బాగా తగ్గుతుంది.

అపోహ: మన చర్మానికి ఎండ అలవాటే.

నీళ్లలో గంటన్నర ఉంటే భుజాలు, ముక్కు, మోకాళ్ల వెనక కమిలిపోతాయి. కాటన్ టీషర్ట్ తడిసి బరువెక్కుతుంది, పైగా బోర్డుకు రాసుకుని ఛాతీ మీద తోలు లేస్తుంది. రాష్ గార్డ్ అనే, ఒంటికి అతుక్కునే ఫుల్ చేతుల ఈత చొక్కా, లెగ్గింగ్స్ ఇంటి దగ్గరే కొనుక్కోండి, ఆడవాళ్లయినా మగవాళ్లయినా ఇక్కడ వాటిలోనే సర్ఫ్ చేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. ముఖానికి జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ రాయండి, రాశాక చేతులు ఇసుకతో రుద్దుకునే బోర్డు పట్టుకోండి, లేకపోతే జారిపోతుంది.